చింతపల్లి నుంచి బారువ దాకా కెరటాల దారి

సర్ఫింగ్‌లో నురుగు మీద నిలబడటం నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. ఆ తర్వాతి దశ, అంటే ఇంకా విరగని కెరటాన్ని అందుకొని దాని వాలు వెంట పక్కకు సాగిపోవడం, ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ నడిమి దశలో ఉన్నవారికి పెద్ద కెరటంతో పని లేదు, పేరుమోసిన తీరంతోనూ పని లేదు. నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా లేచే కెరటం, అడుగున రాయి లేని ఇసుక, రద్దీ లేని నీరు, పొద్దున్నే నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి, ఈ నాలుగూ ఒకచోట కుదిరితే చాలు. విశాఖపట్నంలో, రుషికొండ నీళ్లలో ఓనమాలు దిద్దుకున్న నేనూ మా తమ్ముడూ ఆ నాలుగింటినీ వెతుక్కుంటూ మార్చి నెలలో బోర్డులను కారు మీద కట్టుకొని ఉత్తరానికి బయలుదేరాం.

విజయనగరం జిల్లాకు ఉన్న తీరం ముప్ఫై కిలోమీటర్ల లోపే. శ్రీకాకుళం జిల్లా తీరం మాత్రం దాదాపు 193 కిలోమీటర్లు. ఈ రెండు జిల్లాల ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతూ ఆగ్నేయానికి అభిముఖంగా ఉంటుంది. కెరటాల కోసం వచ్చేవారికి ఈ ఒక్క సంగతిలోనే సగం సమాచారం ఉంది. తెల్లవారుజామున వాయవ్యం నుంచి వచ్చే నేల గాలి కెరటానికి సూటిగా ఎదురొచ్చి దాన్ని తొందరగా విరగనీయకుండా నిలబెడుతుంది. దక్షిణం నుంచి వచ్చే అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి కాబట్టి ముందు నైరుతి కొసన విరిగి, ఆ విరుగుడు ఈశాన్యానికి పాకుతుంది. ఒడ్డు వైపు ముఖం పెట్టి బోర్డు మీద లేచిన మనిషికి అది కుడి చేతి వైపు. అందుకే ఇక్కడ కుడివైపు సాగే కెరటాలు ఎక్కువ, ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవారికి ఈ తీరం మరింత అనుకూలం.

మార్చిలో బంగాళాఖాతం మామూలుగా ప్రశాంతంగానే ఉంటుంది. అయినా కెరటాలు వస్తాయంటే అవి ఇక్కడ పుట్టినవి కావు. భూమధ్యరేఖకు ఎంతో దిగువన, అంటార్కిటికాకు చేరువలో ఉన్న దక్షిణ మహాసముద్రంలో గాలివానలు లేపిన అలలు హిందూ మహాసముద్రాన్ని దాటుకొని మన ఒడ్డుకు చేరతాయి. ఒక అలకూ మరో అలకూ మధ్య 14 సెకన్ల వ్యవధి ఉన్న గుంపు లోతు నీటిలో గంటకు నలభై కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగంతో కదులుతుంది కనుక, అక్కడి గాలివాన ఫలితం ఇక్కడ కనబడటానికి ఇంచుమించు వారం పడుతుంది. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనే సంస్థ, ముఖ్యంగా మత్స్యకారుల కోసం సముద్ర స్థితి సూచనలు ఇస్తుంది. అలల ఎత్తు, వ్యవధి, దిశ, గాలి వేగం అందులో ఉంటాయి. మేము బయలుదేరే ముందు చూసినప్పుడు దక్షిణం నుంచి మీటరు ఎత్తున, 13 సెకన్ల వ్యవధితో అలలు రానున్నాయని ఉంది. మీటరు అన్న మాటను చూసి చిన్నదనుకోకూడదు. ఆరేడు సెకన్ల వ్యవధితో వచ్చే మీటరు అల దగ్గరి గాలి లేపినది, ఒడ్డు దగ్గర గజిబిజిగా చెదిరిపోతుంది. 13 సెకన్లది అంతే ఎత్తున బయలుదేరినా లోతు తగ్గేకొద్దీ పైకి లేచి, వరుసగా, బలంగా వస్తుంది.

శుక్రవారం

భోగాపురం దాటి పూసపాటిరేగ మండలంలోని చింతపల్లికి చేరేసరికి మధ్యాహ్నమైంది. దక్షిణపు గాలి అప్పటికే బలపడి సముద్రమంతా తెల్ల మచ్చలతో నిండిపోయింది. ఇలాంటి గాలిలో దిగితే ఒంట్లో సత్తువ పోవడమే తప్ప నేర్చుకునేది ఏమీ ఉండదు కాబట్టి బోర్డులు దించలేదు. ఇక్కడి దీపస్తంభం తీరానికి ఎడంగా నీటిలో ఉన్న రాళ్ల గురించి ఓడలవారిని హెచ్చరించడానికి పెట్టినది. ఆ రాళ్లకూ మేము దిగబోయే చోటుకూ సంబంధం లేకపోయినా, కొత్త తీరంలో రాయి అన్న మాట వినబడితే ఒకసారి నిర్ధారించుకోవడం మంచిది. సాయంత్రం నీరు తగ్గినప్పుడు ఒడ్డు వెంట చాలా దూరం నడిచి, ఎక్కడ ఇసుక, ఎక్కడ రాయి అన్నది కళ్లతో చూసుకున్నాం. కోనాడ దగ్గర చంపావతి నది సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లాలనుకున్నాం కానీ చీకటి పడింది.

శనివారం

తెల్లవారుజామున గాలి నేల మీది నుంచే ఉంది, నీరు నున్నగా ఉంది, కెరటం మాత్రం మోకాలి ఎత్తే. అలలు ఇంకా పూర్తిగా చేరలేదు. ఒళ్లు అలవాటు కావడానికి గంటసేపు దిగి, తమ్ముడు లేవడంలో తన పాదాలు పడే చోటును సరిచేసుకున్నాడు. వాడి బోర్డు ఏడున్నర అడుగులు, నాది ఏడు. నడిమి దశకు రాగానే పొట్టి బోర్డు కొనాలన్న ఆత్రం చాలామందిలో చూశాను. పొట్టి బోర్డు తేలే శక్తి తక్కువ కనుక కెరటాన్ని ఆలస్యంగా అందుకుంటుంది, అప్పటికి కెరటం నిటారుగా లేచి ఉంటుంది, మనిషి పడిపోతాడు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండే మెత్తని కెరటాలకు ఏడు అడుగులు ఆ పైన ఉన్న బోర్డే తగినదని నా నమ్మకం.

ఎండ ఎక్కక ముందే జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం మీదుగా గార మండలం వైపు మళ్లాం. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం ముప్ఫై కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు రేవుపట్నంగా ఓడలు ఆగిన ఊరు ఇప్పుడు చేపల వేటతో, సెలవు రోజుల్లో తీరానికి వచ్చే కుటుంబాలతో బతుకుతోంది. దీపస్తంభం దగ్గరి ఇసుక మీద సాయంత్రం జనం బాగానే ఉన్నారు. అక్కడి నుంచి దక్షిణానికి, బందరువానిపేట వైపు నడిచేకొద్దీ మనుషులు పలచబడి చివరకు పడవలూ వలలూ మాత్రమే మిగిలాయి. ఉత్తరాన వంశధార మొగ, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోటు, ఉంది. మార్చిలో నదిలో ప్రవాహం తక్కువ, అందుకని మొగ దగ్గర ఇసుక అడ్డంగా పెరిగి నీటి దారిని ఇరుకు చేస్తుంది. ఇరుకైన దారిలో పోటుకు లోపలికి ఎక్కిన నీరంతా పాటుకు ఒక్కసారిగా బయటికి లాగుతుంది. మొగకు దగ్గరగా ఉన్న ఇసుక మేట మీద కెరటం దూరం నుంచి ఎంత అందంగా కనబడినా అటు వెళ్లకూడదని ఆ సాయంత్రమే అనుకున్నాం.

ఆదివారం

ఈ యాత్రలో నేను అన్నిటికంటే వివరంగా చెప్పదలచుకున్నది ఈ ఉదయం గురించే.

వెలుగు రాకముందే ఒడ్డుకు చేరి ఇసుక మీద కూర్చున్నాం. అష్టమి దగ్గర పడింది కనుక పోటుపాట్ల తేడా తక్కువ. పున్నమికీ అమావాస్యకూ ఒకటిన్నర మీటరు దాకా ఉండే తేడా ఈ తిథుల్లో సగానికి పడిపోతుంది, దాంతో కెరటం తీరు గంటగంటకూ మారిపోకుండా ఉదయమంతా ఒకే పద్ధతిలో ఉంటుంది. కొత్త తీరానికి వెళ్లేవారు పంచాంగం చూసుకొని సప్తమి, అష్టమి, నవమి తిథులను ఎంచుకోవడం మేలనడానికి ఇదే కారణం.

కాస్త వెలుగు వచ్చాక నీటిలో తేడాలు తెలిశాయి. రెండు చోట్ల కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. ఆ రెండింటి నడుమ కొన్ని గజాల వెడల్పున ముదురు రంగు నీరు, విరగకుండా, పైన సన్నని గరుకుదనంతో, అక్కడక్కడ నురుగు ముద్దలు సముద్రం వైపే కదులుతూ ఉంది. తెల్లగా విరిగే చోట అడుగున ఇసుక మేట ఉంటుంది. కెరటం తన ఎత్తుకు 1.3 రెట్ల లోతున్న చోటికి రాగానే ఇంచుమించుగా విరుగుతుంది కనుక, మీటరు కెరటం విరుగుతోందంటే అక్కడ నీరు మనిషి ఛాతీ దాకానే ఉందన్నమాట. మేటల మీదుగా ఒడ్డుకు చేరిన నీరు తిరిగి వెళ్లే కాలువే ఆ ముదురు రంగు పట్టె. ఈతగాళ్లను లోపలికి లాక్కుపోయేది అదే, సర్ఫింగ్ చేసేవారిని శ్రమ లేకుండా కెరటాల అవతలికి చేర్చేదీ అదే.

పుస్తకాల్లో చదివిన ఈ సంగతిని ఆ ఉదయం ఒక ఫైబర్ పడవ మా కళ్ల ముందు ఆచరణలో చూపించింది. ఐదారుగురు మనుషులు పడవకు భుజాలు ఆనించి నీటి అంచు దాకా నెట్టి ఆపేశారు. ముక్కు దగ్గర ఇద్దరు మోకాళ్ల లోతు నీటిలో నిలబడి పడవ పక్కకు తిరగకుండా పట్టుకున్నారు. వెనక మోటారు దగ్గర కూర్చున్న నడివయసు మనిషి కెరటాల వైపు కాకుండా, వాటి వెనక ఉన్న సముద్రం వైపు చూస్తున్నాడు. ఒక పెద్ద గుంపు వచ్చింది. ఎవరూ కదలలేదు. ఒకదాని తర్వాత ఒకటి విరిగి, చివరి దాని నురుగు పడవ పక్కల నుంచి జారిపోతుండగా అతడు ఒక్క కేక వేశాడు. అందరూ ఒకేసారి నెట్టి, ఒకరి తర్వాత ఒకరు ఎగిరి ఎక్కారు. పడవ ఆ ముదురు రంగు పట్టె మధ్య నుంచి, ముక్కు మీద చుక్క నీరు పడకుండా అవతలికి దాటిపోయింది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన మా బోర్డులను చాలాసేపు చూసి, దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, మీరు ఆ తెల్లటి సోట దిగుతారేటి?"

"అక్కడే తాతా. మీరేమంటారు?"

"ఆడ మేటుంది. దాని పక్కన నల్లగా ఉన్నాది సూడు, అదీ పడవ దోవ. ఎల్లినప్పుడు దోవలో ఎల్లండి, వచ్చినప్పుడు మేట మీదుగా రండి. ఎనక్కి దోవలో రాబోకండి, అది రానీదు."

ఇంతకంటే తక్కువ మాటల్లో ఇంతకంటే ఎక్కువ చెప్పడం ఏ శిక్షకుడికీ సాధ్యం కాదు. మధ్యాహ్నం దాకా పడవలేవీ ఆ దోవలో తిరిగి రావని కూడా ఆయన్నే అడిగి తెలుసుకొని దిగాం. నిలబడి నడిచినంతసేపు పాదాలను ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ వెళ్లాం. ఇసుకలో పడుకొని ఉండే టేకు చేప మీద అడుగు వేస్తే దాని ముల్లు దిగుతుంది, పాదం ఈడుస్తూ వస్తే అదే తప్పుకుంటుంది.

కాలువలో చేతులు వేస్తుంటే బోర్డు తనంతట తానే సాగినట్లనిపించింది. కెరటాల అవతలికి చేరాక నైరుతికి తిరిగి మేట కొస దగ్గర కూర్చున్నాం. మేట నడిమధ్యలో కూర్చుంటే కెరటం పొడవునా ఒక్కసారే కూలిపోతుంది, దాని మీద నేరుగా ఒడ్డుకు రావడం తప్ప చేయగలిగింది లేదు. కొస దగ్గరైతే మేట వాలుగా లోతులోకి దిగుతుంది కనుక కెరటం కూడా అరిటాకు మడత విప్పినట్లు ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా విచ్చుకుంటుంది. గుంపులో మొదటి కెరటాన్ని వదిలేయడం మంచి అలవాటు. దానికోసం చేతులు వేసి తప్పిపోతే వెనక వచ్చేవన్నీ నెత్తిన పడతాయి, వదిలేస్తే అది ఎక్కడ విరిగిందో చూసి నాలుగు గజాలు అటో ఇటో జరగవచ్చు.

నేను అందుకున్నది గుంపులో మూడోది. వెనక్కి చూస్తే నీరు నిండుగా, నురుగు జాడ లేకుండా లేస్తోంది. ముక్కును సూటిగా ఒడ్డుకు పెట్టకుండా కొంచెం కుడికి తిప్పి చేతులు వేశాను. బోర్డు తోక లేచినట్లు తెలియగానే మరో రెండు బారలు వేసి, అప్పుడు లేచాను. ఆ రెండు బారలే అసలు విషయం. కెరటం అందిందన్న సంతోషంలో వెంటనే లేచేస్తే బోర్డు శిఖరం మీదే చిక్కుకుంటుంది. లేచాక చూపు పాదాల మీద కాకుండా కుడివైపు, ఇంకా విరగని గోడ మీద నిలిపితే భుజమూ నడుమూ ఆ వైపు తిరుగుతాయి, బోర్డు వాటి వెంట వస్తుంది. అడుగు దాకా దిగి, మోకాళ్లు వంచి కుడికి తిరిగితే కెరటం మళ్లీ పైకి ఎత్తుకుంది. వెనక విరుగుతున్న చప్పుడు నా కంటే ఒక అడుగు వెనకే ఉంది. కాలువ లోతు నీటిలోకి రాగానే కెరటం మెత్తబడి నన్ను వదిలిపెట్టింది. తమ్ముడు దూరం నుంచి "అక్కా, అదీ!" అని అరిచాడు.

ఒక గంట గడిచాక తల ఎత్తి చూస్తే దీపస్తంభం మేము అనుకున్న చోట లేదు. అలలు ఏటవాలుగా తగులుతుండటం వల్ల ఒడ్డు వెంట నీరు ఈశాన్యానికి, అంటే మొగ వైపే నడుస్తుంది. దిగే ముందే ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకున్నాం: ముందు ఒక పడవ కట్టిన గుంజ, దాని వెనక సరుగుడు తోపులో ఎత్తైన చెట్టు. ఆ రెండూ ఒకే వరుసలో కనబడినంతసేపు మన చోటులోనే ఉన్నాం, చెట్టు గుంజకు పక్కకు జరిగిందంటే మనం కొట్టుకుపోతున్నాం. నీటికి ఎదురు చేతులు వేసి అలసిపోవడం కంటే, ఒక కెరటం మీద ఒడ్డుకు వచ్చి, ఇసుక మీద వెనక్కి నడిచి, మళ్లీ కాలువలో దిగడం తేలిక. ఉదయమంతా అలాగే చేశాం.

తొమ్మిది దాటాక గాలి ఆగింది, కాసేపటికి దక్షిణం నుంచి మొదలైంది. నీటి మీద నునుపు పోగానే బయటికి వచ్చేశాం. ఇలాంటి తీరాల్లో బట్టలు మార్చుకునే గది, మంచినీటి కుళాయి ఉండవు. ఆడపిల్లలు ఒంటరి తీరాలకు రాకపోవడానికి కెరటాల భయం కంటే ఈ ఇబ్బందే పెద్ద కారణమని నాకు తోస్తుంది. చేపల గంపతో వెళుతున్న ఒకావిడ నా తడి బట్టలు చూసి, "రామ్మా, మా ఇంటికాడ నీళ్లోసుకుని ఎల్లు" అని వెంటబెట్టుకొని తీసుకువెళ్లింది. పెరట్లో రెండు బిందెల నీళ్లు పెట్టి, తర్వాత చోడి అంబలి పోసి, బోర్డు మీద నిలబడి ఏం చేస్తారో, పడిపోతే ఏమవుతుందో ఓపికగా అడిగి తెలుసుకుంది.

సోమవారం

రాత్రి నుంచే చప్పుడు మారింది. సూచనల్లో వ్యవధి 15 సెకన్లకు పెరిగింది. ఉదయం చూస్తే చాలాసేపు సముద్రం ఖాళీగా ఉంటోంది, ఆ తర్వాత ఒక్కసారిగా తల ఎత్తు కెరటాలు అరడజను వరుసగా వచ్చి నిన్నటి మేట మీద పొడవునా కూలిపోతున్నాయి. వ్యవధి ఎక్కువైన రోజున ఖాళీ సమయం మనల్ని మోసం చేస్తుంది. పది నిమిషాలు చూసి సముద్రం శాంతంగా ఉందనుకొని దిగిన మనిషి కాలువ సగంలో ఉండగా గుంపు వచ్చి పడుతుంది. అందుకని అరగంటకు తక్కువ కాకుండా ఒడ్డున కూర్చొని చూడాలి. ఆ రోజు పడవలవారు కూడా చాలాసేపు ఆగి, ఒకరిద్దరు తప్ప మిగిలినవారు వలలు ముందేసుకొని ఒడ్డునే ఉండిపోయారు.

"అక్కా, మనవాళ్లే ఆగారంటే మనం దిగకపోవడమే మంచిది" అన్నాడు తమ్ముడు. ఆ చోట దిగలేదు. దక్షిణానికి నడుచుకుంటూ పోతే ఒకచోట బయటి మేట మీద ఒకసారి విరిగి బలం తగ్గిన కెరటం, లోపలి మేట మీద మళ్లీ లేచి నడుము ఎత్తున విరుగుతోంది. అక్కడ ఇద్దరమూ ఒకేసారి కాకుండా, ఒకరు నీటిలో ఉంటే మరొకరు ఒడ్డున నిలబడి గమనించేలా వంతులు వేసుకున్నాం. ఈ తీరాల్లో గస్తీ ఉంటుందన్న లెక్కతో దిగకూడదు, మనిషికి మనిషే తోడు. పడినప్పుడు తలకిందులుగా దూకకుండా వీపు మీదో పక్కకో బల్లపరుపుగా పడటం, నీటిలోంచి లేచేటప్పుడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోవడం, కెరటం ఎదురొచ్చినప్పుడు బోర్డును వదిలేయకుండా దాంతో సహా బోర్లా తిరగడం, ఇవన్నీ ఆ లోపలి మేట మీద మళ్లీ మళ్లీ అభ్యాసం చేశాం. కెరటాలు అందిన లెక్కలో చూస్తే అది తక్కువ ఉదయం, ఒంటికి పట్టిన పాఠాల లెక్కలో నిన్నటికి తీసిపోదు.

మధ్యాహ్నం శాలిహుండం కొండ ఎక్కాం. వంశధార కుడి గట్టున ఉన్న ఆ కొండ మీది బౌద్ధ స్తూపాల గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. మాకు పనికొచ్చిన సంగతి ఏమిటంటే, పైనుంచి చూసినప్పుడు నది ఎంత ఇసుకను పరుచుకొని పడి ఉందో తెలుస్తుంది. వానకాలపు వరదకు ఈ ఇసుక సముద్రంలోకి వెళుతుంది, నైరుతి రుతుపవనాల కెరటాలు దాన్ని ఒడ్డు వెంట ఈశాన్యానికి నెడతాయి, ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. మేము నిన్న కూర్చున్న మేట వచ్చే ఏడాది అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఈ తీరం గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఫలానా గుంజ దగ్గర దిగమని చెప్పడంలో అర్థం లేదు. పడవ దోవ ఎక్కడుందో చూసి దిగమని చెప్పాలి.

మంగళవారం

తెల్లవారేసరికే గాలి దక్షిణం నుంచి ఉండటంతో నీటి జోలికి పోకుండా ప్రయాణం పెట్టుకున్నాం. నరసన్నపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి టెక్కలి, పలాస మీదుగా సోంపేట వైపు వెళుతుంటే ఉద్దానం మొదలైంది. దారి పొడవునా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల మీదుగానే తీరం దాటింది. ఆనాడు నేలకొరిగిన కొబ్బరి స్థానంలో నాటిన మొక్కలు కొన్నిచోట్ల ఇంకా పొట్టిగానే ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ తీరంలో కెరటాల కోసం ఎదురుచూడటమంటే తుపాను కోసం ఎదురుచూడటమే అవుతుంది, ఆ నెలల్లో రాకూడదని నాకు గట్టిగా అనిపించింది. సాయంత్రానికి బారువ చేరాం. మహేంద్రతనయ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. మొగకు ఎడంగా ఉండాలన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి, చీకటి పడేలోగా మొగకు దక్షిణపు వైపు నడిచి చోటు చూసుకున్నాం.

బుధవారం

ఉదయం మేము వెళ్లేసరికి అలివి వల లాగుతున్నారు. పడవ మీద సముద్రంలోకి అర్ధచంద్రాకారంగా వల వేసి వచ్చి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు నుంచి రెండు జట్లుగా లాగుతారు. ఆ తాడు నీటి అడుగున ఎంత దూరం ఉందో పైకి కనబడదు. బోర్డు కింది రెక్కకో కాలికి కట్టుకున్న తాడుకో అది తగులుకుంటే వల చిరుగుతుంది, మనిషికీ ప్రమాదమే. వేట పూర్తయ్యేదాకా ఆగుతామని చెప్పి, మేమూ వెళ్లి తాడు పట్టాం. తాడు పట్టినవారి అడుగుల్లో ఒక లయ ఉంది. కెరటం వెనక్కి తగ్గేటప్పుడు పాదాలు ఇసుకలో దించి ఆపుతారు, కెరటం ముందుకు తోసేటప్పుడు నాలుగడుగులు వెనక్కి వేస్తారు. నీటి బలాన్ని ఎదిరించకుండా దాని తోపును వాడుకోవడమే అందులోని ఒడుపు. చేతుల్లో ఆ లయ ఉండగానే బోర్డు తీసుకొని దిగడం వల్లనేమో, ఆ ఉదయం కెరటం అందుకోవడంలో తొందర తగ్గింది. ఎత్తు మళ్లీ నడుము దాకా దిగింది, వ్యవధి 12 సెకన్లు. ఒడ్డుకు మరీ దగ్గరగా విరుగుతున్నందున వాలు మీద గడిపే సమయం కళింగపట్నంలో కంటే తక్కువ. లేవగానే తిరగాలి, ఇసుక తగలకముందే కెరటం వెనక్కి దాటిపోవాలి. తమ్ముడికి ఇదే బాగా నచ్చింది. నాకు మాత్రం కళింగపట్నం మేటే ఎక్కువ.

ఈ నెలల్లో తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లను సేకరించి కంచె వేసిన గుంటల్లో పొదిగించే ఏర్పాట్లు ఈ తీరంలో ఉన్నాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. రాత్రిపూట ఒడ్డున దీపాలు పెట్టుకొని కూర్చుంటే వెలుగును చూసి అవి దారి తప్పుతాయి. అందుకే గుడారం వేసుకొని ఇసుక మీద పడుకోవాలన్న ఆలోచనను మేము మొదట్లోనే మానుకొని ఊళ్లోనే బస చేశాం. ఇసుక గట్టు మీద కొత్త దారులు తొక్కకుండా, పడవలవాళ్లు నడిచే దారిలోనే బోర్డులు మోసుకెళ్లాం.

బయలుదేరే ముందు వల ఆరబెడుతున్న ఒకతన్ని, మళ్లీ ఎప్పుడు వస్తే మీ పనికి అడ్డం లేకుండా ఉంటుందని అడిగాను. "ఏప్రిల్ పదేను కాడ్నించి వేట నేదు కదమ్మా. రెండు నెల్లు ఇంజిను పడవలు దిగవు. అప్పుడు రండి, దోవంతా మీదే" అన్నాడు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. తెడ్డుతో నడిచే చిన్న పడవలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అప్పుడైనా అడిగే దిగాలి. ఆ కాలంలో దక్షిణపు అలలు మార్చి కంటే నిండుగా వస్తాయి, దక్షిణపు గాలి మాత్రం ఇంకా ముందే లేస్తుంది. జూన్ తర్వాత రుతుపవనాల సముద్రం మా స్థాయికి మించినది. పంచాంగం తీసి ఏప్రిల్ చివరి వారంలో అష్టమి ఎప్పుడు పడుతుందో చూసి, ఆ రోజుకు ముందూ వెనకా సెలవు పెట్టుకోవాలని, వెలుగు రాకముందే నీటిలో ఉండేలా కళింగపట్నంలోనే బస చూసుకోవాలని అక్కడే అనుకొని బోర్డులు కారు మీద కట్టాం.